మేనేజర్ ఈదమ్మ సంతకం

ఈదమ్మ పేరు పక్కన ‘మేనేజర్’ అనే మాటను మొదటిసారి టైపు చేసింది నేనే. కోదాడ బస్టాండు దగ్గర నాకు జిరాక్స్ షాపు ఉంది. ఇరవై రెండేళ్లుగా ఈ చుట్టుపక్కల జనం పుట్టుకలు, చావులు, కులాలు, ఆదాయాలు అన్నీ నా మిషన్ గుండానే పోయాయి. ఎన్నో విడ్డూరాలు చూశాను గానీ, ప్రైవేటు స్కూల్లో గదులు ఊడ్చి నర్సరీ పిల్లల ముక్కులు తుడిచే ఆయమ్మ ‘సూర్యాపేట జిల్లా బాలికల బేస్‌బాల్ జట్టు మేనేజర్’ కావడం ఎన్నడూ చూడలేదు. నాకు నవ్వాగలేదు. ఆమె మాత్రం నవ్వలేదు. కాగితాన్ని దూరంగా పట్టుకుని, తన పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, చూపిస్తే దాని మీద వేలు పెట్టి కాసేపు అలాగే నిలబడింది.

మా జిల్లా నల్లగొండ నుంచి విడిపోయి ఏళ్లు గడిచాయి. కలెక్టరు వచ్చాడు, ఎస్పీ వచ్చాడు, షాపుల బోర్డులు కూడా మారాయి. బేస్‌బాల్ మాత్రం మొన్న మొన్నటిదాకా విడిపోలేదు. మా వైపు పిల్లలు మిర్యాలగూడ దాకా వెళ్లి, పాత జిల్లా ఎంపికల్లో ఎండకు నిలబడి, నాలుగు బంతులు విసిరి తిరుగు బస్సు ఎక్కేవాళ్లు. కిందటేడు పై సంఘం వాళ్లు సూర్యాపేటకూ సొంత జట్టు ఉండొచ్చన్నారు. ఈదమ్మ పనిచేసే స్కూల్లో డ్రిల్లు మాస్టారు ప్రేమ్‌కుమార్ ఎగిరి గంతేసి, సూర్యాపేట నుంచి, కోదాడ నుంచి పద్నాలుగు మంది ఆడపిల్లలను పోగుచేశాడు. అందరూ పదిహేడేళ్ల లోపు వాళ్లు, ఆ వయసు దాటితే ఈ జట్టులో ఆడనివ్వరు. వాళ్లలో సగం మంది అంతకుముందు బేస్‌బాల్ బ్యాటును ఫోటోలో కూడా చూడలేదు.

ఆడపిల్లల జట్టు ఊరు దాటాలంటే వెంట ఒక ఆడ మేనేజర్ ఉండి తీరాలి, అది రూలు. స్కూల్లో టీచరమ్మలందరినీ అడిగాడు. ఒకరికి పేపర్లు దిద్దే పని, ఒకరికి పసిపిల్ల, ఒకరికి అత్తగారు. చివరికి వరండా తుడుస్తున్న ఈదమ్మ చీపురు గోడకు ఆనించి, సంతకం పెట్టడం తనకు వచ్చని చెప్పింది.

ఆమె ఎందుకు ముందుకొచ్చిందో నాకు తెలుసు. ఆ జట్టులో బంతి విసిరే పిల్ల జ్యోతి ఆమె గదిలోనే ఉంటుంది. పదకొండేళ్ల కిందట ఈదమ్మ పాలకీడు మండలంలో ఒక గిరిజన బాలికల హాస్టల్లో వంటమనిషి. వానలు లేక పత్తి నిలువునా ఎండిన ఏడు అది. దగ్గరి తండాలోని బీక్యా, ద్వాళి అనే భార్యాభర్తలు మిరపకాయ ఏరడానికి గుంటూరు వైపు పోతూ చిన్న బిడ్డను వెంట తీసుకెళ్లబోయారు. ఈదమ్మ దారిలో అడ్డం నిలబడి, పిల్లను లాక్కుని హాస్టలుకు తెచ్చింది. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలన్నాడు వార్డెను. జ్యోతికి అప్పటికి ఐదే. “నిండినయి సారూ, నాకు ఎరుకే” అంది ఈదమ్మ. వార్డెను జూన్ ఒకటి అని తారీకు వేసి పిల్లను చేర్చుకున్నాడు. మా వైపు సగం జనం జూన్‌లోనే పుట్టారు. బడులు తెరిచేది ఆ నెలలోనే మరి.

తరువాత గౌరయ్య పోయాడు, అంటే ఈదమ్మ భర్త. హాస్టలు వంట ఎవరో కాంట్రాక్టరు చేతికి పోయింది. కడుపున ఒక్క బిడ్డా నిలవని ఈదమ్మ కోదాడ వచ్చి కిరాయి గదిలో చేరింది. పదో తరగతి అయ్యాక జ్యోతి ఇంటర్ చదవడానికి ఆ గదికే వచ్చింది. నా షాపు ముందు టీ తాగే ప్రతిసారీ ఈదమ్మ ఈ కథ చెప్పేది. ఒక్క మాటతో పిల్లకు ఇన్నేళ్ల అన్నం పెట్టించానని ఆమె గర్వం. నేను వందసార్లు విన్నాను, వందసార్లూ మెచ్చుకున్నాను.

జ్యోతి జట్టులో చేరిన సంగతి బీక్యాకు చెప్పడానికి ఈదమ్మే తండాకు వెళ్లింది. అతనికి మోకాళ్లు పాడై పని తగ్గింది. ఇంటర్ రెండో ఏడు కాగానే జ్యోతిని హైదరాబాదు శివారులో పెద్దబిడ్డ చేసే మందుల కంపెనీలో ప్యాకింగ్ పనిలో పెట్టాలని నిశ్చయం చేసుకున్నాడు. ఈదమ్మ పట్టు వదల్లేదు. ఆటలో రాష్ట్రం జట్టుకు ఎంపికైతే ఒక సర్టిఫికెట్ వస్తుందని, దానితో ఆటల కోటాలో డిగ్రీ సీటు, హాస్టలు అన్నీ ఉచితంగానే దొరుకుతాయని ప్రేమ్‌కుమార్ చెప్పిందంతా అప్పజెప్పింది. బీక్యా చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడట.

“ఈ ఒక్క ఏడు సూస్త అక్కా. రాష్ట్రం టీముల తీస్కుంటే సదువుకోనీ. తీస్కోకపోతే మల్ల నన్ను అడగొద్దు” అన్నాడట. ఈదమ్మ సరేనని మాటిచ్చి వచ్చింది. ఆ జట్టుకు అది మొదటి సీజను. జ్యోతికి అదే ఆఖరుది కూడా కావచ్చు.

ఇక ఆ సీజను సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. పద్నాలుగు మందికి ఆరు గ్లౌజులు. మైదానంలో నిలబడే తొమ్మిది మందికి తక్కువైన మూడు ఎదుటి జట్టువి వాడుకోవాలి. చిన్న జట్ల మధ్య అదొక ఆనవాయితీ. బంతి పట్టే వంతు అయిపోయిన పిల్లలు గ్లౌజులు విప్పి మైదానంలోనే ఎక్కడివక్కడ పడేసి వెళతారు, వచ్చేవాళ్లు వాటినే తొడుక్కుంటారు. ఆట అయ్యాక మన ఆరు మనకు చేరాయో లేదో చూడటం మేనేజర్ గారి ముఖ్య బాధ్యత. ఈదమ్మ ఆ ఆరింటికీ ఎర్ర దారంతో కుట్టు గుర్తు వేసింది. పిల్లలకు స్టీలు క్యాన్‌లో పులిహోర, ప్లాస్టిక్ డబ్బాలో మజ్జిగ మోసుకొచ్చేది. ఆట ఆమెకు ఎప్పుడూ పూర్తిగా అర్థం కాలేదు. మనవాళ్లు పరుగెత్తితే మంచిదని, ఎదుటివాళ్లు పరుగెత్తితే చెడ్డదని మాత్రం గట్టిగా పట్టుకుంది. నిజానికి అంతకుమించి అందులో ఏముంది?

మొదటి మ్యాచ్ సూర్యాపేటలో పదిహేడు సున్నాతో పోయింది. తేడా పది దాటితే అంపైర్ జాలిపడి ఆటను మధ్యలోనే ఆపేస్తాడు. అలా గంటలో ముగిసేసరికి, తొందరగా అయిపోయిందంటే బాగా ఆడినట్టేనా అని ఈదమ్మ ప్రేమ్‌కుమార్‌ను అడిగింది. ఆ మనిషి తల పట్టుకున్నాడు. తరువాతవి పద్నాలుగు ఒకటి, ఇరవై ఒకటి రెండు, పదిహేను సున్నా. నేను పేపరు విలేకరికి స్కోర్లు మెయిల్ చేసేవాణ్ణి. నాలుగోసారి అతను ఫోను చేసి, అన్నా, ఇవి వేయకపోతేనే మీ పిల్లలకు గౌరవం అన్నాడు. కోపమొచ్చింది గానీ అతనన్నదాంట్లో తప్పేమీ కనబడలేదు.

అన్నిటికన్నా బాధ ఏమిటంటే జ్యోతి అంత బాగా బంతి విసిరీ ఓడిపోవడం. ఆ పిల్ల చెయ్యి చూస్తే దేవుడికి కూడా దయ ఉందనిపిస్తుంది. చిన్నప్పుడు హాస్టలు సెలవుల్లో చేలో పిట్టలను వడిసెలతో తోలిన భుజం అది. ఎదుటి పిల్లలు బ్యాటు ఊపి గాలిని కొట్టేవాళ్లు. మూడుసార్లు గాలిని కొడితే అవుటే. కానీ ఆ మూడో బంతిని వెనకాల కూర్చున్న క్యాచర్ పట్టుకోవాలి; పట్టుకోకపోతే కొట్టలేని పిల్ల కూడా పరుగు అందుకోవచ్చు. మా క్యాచర్ సౌందర్య మంచి పిల్ల, కబడ్డీ నుంచి పట్టుకొచ్చారు. అంత వేగంగా బంతి వస్తే కళ్లు మూసుకునేది. బంతి వెనక్కి పోయేది, గాలిని కొట్టినవాళ్లంతా చక్కగా పరుగెత్తి గెలిచేవాళ్లు. జ్యోతి ఒక్కసారి కూడా సౌందర్యను విసుక్కోలేదు. నేనైతే విసుక్కునేవాణ్ణి.

ఐదో మ్యాచ్ పదకొండు మూడుతో ఓడిపోయారు. ఆ రోజు శైలజ అని, రాష్ట్ర జట్టును ఎంపిక చేసేవాళ్లలో ఒకామె వచ్చింది. ఆట అయ్యాక ఎదుటి జట్టు క్యాచర్‌ను కూర్చోబెట్టి జ్యోతి చేత బంతులు వేయించింది. టప్పు టప్పుమని ప్రతిదీ గ్లౌజులో పడుతుంటే మా పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. తమ జ్యోతి ఎంత బాగా వేస్తుందో వాళ్లకు అప్పటిదాకా తెలియదు. శైలజ పేరు రాసుకుని, మిర్యాలగూడలో జరిగే రాష్ట్రస్థాయి పోటీలకు ఇలాగే వచ్చి వేస్తే చాలని, జట్టు ఓడినా పర్వాలేదని ఈదమ్మతో చెప్పింది. ఆ సాయంత్రం ఈదమ్మ నా షాపుకు వచ్చి చేతిలో బెల్లం ముక్క పెట్టింది. ఆ సీజను మొత్తంలో మేము సంతోషించింది ఆ ఒక్కరోజే.

మిర్యాలగూడకు నేనూ వెళ్లాను. ఫారాలన్నీ నింపింది నేను కాబట్టి ఫైలు నా చేతిలోనే ఉంది. మైదానం పక్కన షామియానా కింద బల్ల వేసుకుని ముగ్గురు పెద్దమనుషులు పిల్లల వయసులు సరిచూస్తున్నారు. అంతకుముందు ఐదు మ్యాచ్‌లకూ ఆధార్ చూపిస్తే పోయింది. ఇక్కడ పదో తరగతి మెమో అసలుది కావాలన్నారు. పదమూడు మందివి సాఫీగా జరిగిపోయాయి. పద్నాలుగోది జ్యోతిది. పెద్దాయన ఆధార్ ఒక చేత్తో, మెమో ఒక చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూశాడు. ఆధార్ తండాలో క్యాంపు పెట్టినప్పుడు తల్లి చెప్పిన లెక్కన తీసింది. దాని ప్రకారం పిల్లకు పదహారు. మెమో హాస్టలు రిజిస్టరు లెక్క. దాని ప్రకారం పదిహేడు నిండి ఆరు నెలలు.

వందసార్లు విన్న కథ, ఫారం నింపేటప్పుడు ఒక్కసారీ గుర్తుకు రాలేదు. ఆధార్ చూసి తారీకు కొట్టాను, మెమో తీసి చూడలేదు. ఇరవై రెండేళ్ల అనుభవమని చెప్పుకోవడానికి నాకు సిగ్గుండాలి.

ఈదమ్మకు విషయం అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక బల్ల దగ్గరికి వచ్చి చేతులు జోడించింది.

“సారూ, ఆధార్ల ఉన్నదే నిజం. మెమోల ఉన్నది అబద్ధం. గా అబద్ధం జెప్పింది నేనే. పిల్లకు ఇంత బువ్వ దొరుకుతదని జెప్పిన. నన్ను ఏమన్న జెయ్యండ్రి, పిల్లను ఆడనియ్యండ్రి.”

పెద్దాయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టి మనసు తేలిక చేసుకునేవాణ్ణి. “అమ్మా, మీరు చెప్పేది నిజమే అయ్యుంటది. మాకు మెమోనే లెక్క. ఇయ్యాల మీ ఒక్కరికి వదిలితే రేపు అందరూ ఇదే చెప్తరు” అన్నాడు నెమ్మదిగా. శైలజ కూడా వచ్చి మాట్లాడి చూసింది. లాభం లేకపోయింది. వయసు మించిన పిల్ల ఆడింది కాబట్టి పాత ఐదు మ్యాచ్‌లు రద్దన్నారు. ఓడిపోయినవాటిని మళ్లీ ఓడగొట్టినట్టయింది. ఆ మాట నేనే అని, నేనే నవ్వబోయి, ఆగిపోయాను.

మిగతా పదమూడు మంది ఆడాలంటే జ్యోతి పేరు జాబితాలోంచి కొట్టేసి పక్కన మేనేజర్ సంతకం పెట్టాలి. పెట్టకపోతే జట్టు మొత్తాన్నీ వెనక్కి పంపిస్తారు. పెద్దాయన ఎర్ర పెన్నుతో గీత గీసి కాగితం ఈదమ్మ ముందుకు తోశాడు. ఆమె పెన్ను ముట్టుకోలేదు.

“పెట్టమ్మా, ఏం చేస్తాం. లేకపోతే ఈ పదమూడు మంది కష్టం కూడా పోద్ది” అన్నాడు ప్రేమ్‌కుమార్.

ఈదమ్మ జ్యోతి వైపు తిరిగింది. పిల్ల జట్టు బనీను వేసుకుని, గ్లౌజు చేతికి తొడుక్కుని, అప్పుడే పిలుస్తారన్నట్టు నిలబడి ఉంది.

“పెట్టు పెద్దమ్మా” అంది జ్యోతి.

మూడక్షరాల పేరు. ఈదమ్మ ఎప్పుడూ ఒక్కో అక్షరాన్నీ ముగ్గు వేసినట్టు వేస్తుంది. ఆ రోజు ఇంకా ఎక్కువసేపు పట్టింది. మధ్యలో ఆగి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, మిగిలింది పూర్తిచేసింది. వెనకాల వరసలో వేరే జిల్లా వాళ్లు తొందరపెడుతున్నారు. నాకు అందరినీ కొట్టాలనిపించింది.

ఆ మ్యాచ్ ఇరవై నాలుగు సున్నా. జ్యోతి తీగకంచె బయట కూర్చుని పిల్లలకు మజ్జిగ పోసి ఇచ్చింది. శైలజ వచ్చి భుజం మీద చెయ్యి వేసి, పెద్దవాళ్ల జట్టులో వచ్చే ఏడు ప్రయత్నించమని చెప్పింది. వచ్చే ఏడు ఎక్కడుంటుందో ఆ పిల్లకు తెలుసు. తల ఊపింది.

జట్టును ప్రేమ్‌కుమార్ కోదాడ బస్సెక్కించాడు. ఈదమ్మ మాత్రం జ్యోతిని తీసుకుని తండాకు బయలుదేరింది. నేనూ వెంట వెళ్లాను. మాటిచ్చింది తనే కాబట్టి చెప్పాల్సిందీ తనేనంది. బీక్యా ఇంటి ముందు మంచం వాల్చాడు. ఈదమ్మ కూర్చోకుండానే అంతా చెప్పింది. ఎక్కడా నా పేరు ఎత్తలేదు, తప్పంతా తన మీదే వేసుకుంది. నేను నోరు తెరిచి ఫారం సంగతి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ద్వాళి లోపలి నుంచి వచ్చి కూతురిని ఏదో లంబాడీలో అడిగింది. జ్యోతి చిన్నగా జవాబిచ్చింది. ఆ తల్లి గడప మీద కూలబడింది.

బీక్యా అరుస్తాడనుకున్నాను. అరవలేదు. “అక్కా, నువ్వు పరేషాన్ గాకు. ఆ పొద్దు నువ్వు ఆరేండ్లని జెప్పకపోతే మా ఎంబడి మిరప చేన్లల్ల తిరుగుతుండె. ఇన్నేండ్లు కడుపునిండ దిన్నది, ఇంత సదువుకున్నది. గంతవరకే ఉన్నట్టున్నది” అన్నాడు. తరువాత మాకు జొన్నరొట్టెలు పెట్టించాడు. తిరుగు దారిలో ఈదమ్మ, వాడు నన్ను రెండు తిట్టినా బాగుండు తమ్మీ అని ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

ఇంటర్ ఫలితాలు వచ్చాయి, జ్యోతి మంచి మార్కులతోనే పాసయింది. జూన్ రెండో తారీకున మెమో జిరాక్స్ కోసం నా షాపుకు వచ్చింది. కంపెనీలో పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లనే తీసుకుంటారట. మెమో ప్రకారం ఆ పిల్లకు ముందురోజే పద్దెనిమిది నిండాయి. ఆటకు ఎక్కువైన వయసు పనికి అతికినట్టు సరిపోయింది. ఎవరూ ఆధార్ అడగలేదు, ఎవరూ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూడలేదు. అక్కతో కలిసి ఒక గదిలో ఉంటూ రోజంతా నిలబడి మందు సీసాలను అట్టపెట్టెల్లో సర్దుతోంది. ఈదమ్మకు ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది. బాగున్నానంటుంది.

పోటీల సర్టిఫికెట్లు ఆగస్టులో వచ్చాయి. ప్రేమ్‌కుమార్ వాటిని లామినేషన్‌కు నా దగ్గర ఇచ్చాడు. ఆడిన పదమూడు మందికి పదమూడు, కోచ్‌కు ఒకటి, మేనేజర్‌కు ఒకటి. బంగారు అంచు, రెండు సంతకాలు, గుండ్రటి ముద్ర. జ్యోతికి లేదు. స్కూలు వదిలాక ఈదమ్మ వచ్చి తనది తీసుకుని వెనకా ముందూ చూసింది.

“బంతిని నేను ఏనాడన్న ముట్టుకున్ననా తమ్మీ? ఆడింది అది, కాయితం నాకొచ్చింది. దీని మీద నా పేరు తీసి దాని పేరు వెట్టొస్తదా?”

దొంగ కాగితం నేను ఏనాడూ చేయలేదు. చేయమని బతిమాలినవాళ్లను, బెదిరించినవాళ్లను వెళ్లగొట్టాను. ఆ రోజు మాత్రం మారు మాట్లాడకుండా సర్టిఫికెట్‌ను స్కాన్ చేశాను. ఐదు నిమిషాల పని. మేనేజర్ అన్నచోట ‘క్రీడాకారిణి’ అని వేశాను, ఈదమ్మ పేరు చెరిపేశాను. తెర మీద ఆ చోటు తెల్లగా ఖాళీగా ఉంది. దీంతో ఏ కాలేజీలో అయినా సీటు వస్తుందా, పట్టుబడితే ఆ పిల్ల గతేమిటి అన్నదేదీ ఆలోచించలేదు. ఏదో ఒకటి చేయకపోతే నాకు ఊపిరాడేలా లేదు. జ్యోతి ఇంటిపేరు అడిగి కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని కూర్చున్నాను.

తిరిగి చూస్తే ఆమె కళ్లు తెర మీద ఉన్నాయి.

“వద్దు తమ్మీ” అంది చివరికి. “దాని మంచికే ఒకపారి అబద్ధం రాయిచ్చిన. దాని పేరు మీద ఇంకోటి నా నోటితోటి జెప్పలేను.”

నేను ఫైలు మూసేశాను. ఆమె సర్టిఫికెట్ తీసుకుని, లామినేషన్ అక్కర్లేదని చెప్పి, అప్పుడే మొదలైన వాన పెద్దది కాకముందే వెళ్లిపోయింది.